నిద్రపోని కత్తి

తామ్రగిరి రాజ్యంలో ఆ చైత్రం నుంచి కత్తి కోయడం మానేసింది. గొడ్డలి నరకడం మానేసింది, దీపం వెలగడం మానేసింది. చేద బావిలో నిండా మునిగి ఖాళీగా పైకి వస్తోంది. గొడుగు వేసుకున్నా ఎండ నేరుగా నడినెత్తి మీదే పడుతోంది. కోశాగారం తాళం పిల్లి తోక తగిలినా ఊడిపోతోంది. దొంగలు తెచ్చుకున్న గోనెసంచుల్లో కూడా ఏదీ నిలవడం లేదు కనుక ఆ ఒక్క విషయంలో రాజుగారికి నష్టం రాలేదు. వస్తువులున్నాయి, వాటి పేర్లున్నాయి, పనులు మాత్రం పోయాయి.

ఇదంతా కపిలజిహ్వుడనే మాంత్రికుడి నిర్వాకం. రాజకుమార్తె మల్లాంబిక తనను పెళ్ళాడనన్నదని ఆ మహానుభావుడికి కోపం వచ్చింది. కోపం వచ్చినవాళ్ళు కంచం విసిరికొడతారు, లేదా ఊరొదిలి పోతారు. ఇతను మాటల్లోకి దిగాడు. కత్తి అనేది ఒక మాట, కోయడం అనేది ఇంకో మాట. ఆ రెండు మాటలకూ నడుమ వెంట్రుకవాసి సందు ఉంటుంది. అతను తన పచ్చని నాలుకను ఆ సందులోకి దూర్చి, పనిని ఊడబెరికి, రాగి కాగులో వేసి మూత పెట్టాడు. అలా రాజ్యంలోని వస్తువులన్నిటినీ వరసపెట్టి వలిచేశాడు. పేరూ పనీ ఒకే మాటగా ఉన్న కొద్దిపాటి వాటి జోలికి మాత్రం పోలేకపోయాడు. అందుకని ఆ రాజ్యంలో ఎవరైనా కట్టిన కట్టు కట్టుగానే నిలిచింది.

ఆ కట్టే ఇప్పుడు మల్లాంబిక ప్రాణాన్ని పట్టుకుని ఉంది. పున్నమి నాడు యువరాజు రణధవళుడు మాంత్రికుణ్ణి నిలదీయబోతే అతను విషపుముల్లు విసిరాడు. అక్క తమ్ముడికి అడ్డం వచ్చింది. ముల్లు ఆమె భుజంలో దిగి, పైన కండ మూసుకుపోయింది. రాజవైద్యుడు బిగించిన కట్టు విషాన్ని గుండెవైపు పోకుండా ఆపుతోంది, అదీ అమావాస్య సూర్యాస్తమయం వరకే. ఆలోగా కండ కోసి ముల్లు తీయాలి. కోసే కత్తి రాజ్యం మొత్తంలో ఒక్కటీ లేదు.

అప్పుడు ముందుకొచ్చినవాడు బుక్కన్న. కోట కావలిభటుల్లో అందరికన్నా పాతవాడు, నెరిసిన జుట్టును చేటంత సిగగా చుట్టి దంతపు దువ్వెన గుచ్చుకునే మనిషి. యౌవనంలో వర్తకుల ఓడ ఎక్కి దూరదేశాలు తిరిగాడు. దక్షిణ సముద్రంలో ఒంటిమాట దీవి ఉందనీ, అక్కడి భాషలో వస్తువుకూ దాని పనికీ వేరువేరు మాటలే లేవనీ, సందు లేని చోట ఆ నాలుక దూరదనీ చెప్పాడు. పడవలు తేలడం లేదు కనుక యువరాజూ అతనూ గాలికి కూలిన నాలుగు మానులు తాళ్ళతో కట్టి వాటిమీద కూర్చున్నారు. మాను తేలడం ఎవరూ నేర్పిన పని కాదు, దాన్ని ఎవరూ దొంగిలించలేరు. దారిలో ఒక తిమింగలం వాళ్ళను ఒక పూటంతా వీపు మీద మోసి, ఏం గుర్తొచ్చిందో మునిగిపోయింది. రెండు సుడిగుండాలు తప్పాయి, మూడోది తప్పకపోయినా వదిలేసింది. ఆరో రోజు తెల్లవారేసరికి దీవి కనిపించింది.

ఆ దీవి అందం చెప్పాలంటే కాస్త ఊపిరి పీల్చుకోవాలి. ఒడ్డు పొడుగునా పగడపు గుట్టలు దానిమ్మపూల రంగులో మెరుస్తున్నాయి. కొండల మీంచి దిగుతున్న సెలయేళ్ళలో ఉదయపు ఎండ కుంకుమ కలిపినట్టుంది. చందనవృక్షాల మీద నీలి నెమళ్ళు, వాటి కింద తెల్లని జింకలు, గాలి నిండా ఏలకుల వాసన. ఇంతటి సౌందర్యాన్ని ఆ దీవిలో ఒక్కరూ చూడటం లేదు. అందరూ పనిలో ఉన్నారు. రోకళ్ళు దంచుతున్నాయి, చేటలు చెరుగుతున్నాయి, మగ్గాలు నేస్తున్నాయి. ఒకామె రోకలి పక్కన పెట్టి నీళ్ళు తాగడానికి వెళ్తే వెంటనే ఇంకొకామె వచ్చి ఆ రోకలి అందుకుంది. మొదటామె తిరిగొచ్చి తగువు పెట్టుకోలేదు, ఖాళీగా ఉన్న చేట చూసుకుంది.

ఇక్కడ వస్తువు ఎవరిదంటే దానితో పని చేస్తున్నవాళ్ళదేనని బుక్కన్న వివరించాడు. ఝిరి అంటే కత్తీ ఝిరే, కోతా ఝిరే. లువ్వ అంటే దీపమూ అదే, వెలగడమూ అదే.

“సగం మాటలు నేర్చుకుంటే చాలు బాబూ, తక్కిన సగం వాటంతటవే వచ్చేస్తాయి,” అన్నాడు. “నేను ఆ సగంలో సగమే నేర్చుకున్నాననుకోండి.”

ఒడ్డున ఒక చేపలమనిషి పీటవేసుకుని చేపలు కోస్తోంది. కత్తి చేపలో దిగుతుంటే రణధవళుడు నిలబడిపోయి చూశాడు. నెల రోజులుగా కోసే కత్తిని చూడని కళ్ళు అవి. బుక్కన్న ఆమెతో ఏదో అనగానే ఆమె ఏ మాత్రం ఆలోచించకుండా కత్తిని యువరాజు చేతికిచ్చి, చేపను ముందుకు తోసింది. అంత సులభంగా దొరుకుతుందని ఆయన అనుకోలేదు. రెండు ముక్కలు కోశాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే దీవి పెద్దావిడ అటుగా వచ్చింది. నడుస్తూ కూడా కదురు తిప్పి నూలు వడికే మనిషి కనుక ఆమెను అందరూ ఆ కదురు పేరుతోనే పిలుస్తారు. మనం కదురవ్వ అందాం. తామ్రగిరిలో పెద్దలు ఎదురైతే కత్తిని ఒరలో పెట్టాలి, ఒర లేకపోతే ఉత్తరీయంలో చుట్టి తల వంచాలి. నడక వచ్చిన నాటి నుంచీ నేర్పిన మర్యాద అది. రణధవళుడు ఏమీ ఆలోచించకుండానే కత్తిని ఉత్తరీయంలో చుట్టి, ఒద్దికగా తల వంచాడు.

ఒడ్డున రోకళ్ళు ఆగాయి. చేటలు ఆగాయి. చేపలమనిషి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది.

బుక్కన్న యువరాజు చెవిలో అసలు సంగతి చెప్పాడు. ఆ దీవిలో గుడ్డలో చుట్టేది ఒక్క శవాన్నే. పని అయిపోయి ఇక ఎన్నటికీ చేయలేని రోకలినీ, విరిగిన చుక్కానినీ కూడా గుడ్డలో చుట్టి, ఏడ్చి, పాతిపెడతారు. ఆ చేపలమనిషి చేతి కత్తిని యువరాజు ఆమె కళ్ళ ముందే పాడె ఎక్కించాడన్నమాట. విషయం తెలిశాక రణధవళుడు తల ఎత్తలేకపోయాడు.

కదురవ్వ కోప్పడలేదు. ఇసుకలో కూర్చుని, కదురు తిప్పుతూనే, నువ్వెవరివని అడిగింది. తామ్రగిరి యువరాజునని చెప్పమన్నాడు రణధవళుడు. బుక్కన్న గొంతు సవరించుకుని, ఆ మాట చెబితే అది చేసి చూపించమంటారని మెల్లగా హెచ్చరించాడు. యువరాజు ఏం చేస్తాడు? రణధవళుడు చాలాసేపు ఆలోచించాడు. నిటారుగా కూర్చుని గడ్డం పైకెత్తాడు. దీవి వాళ్ళు మర్యాదగా ఎదురుచూశారు. ఇంకేమీ జరగకపోయేసరికి కదురవ్వ, అయిందా అని అడిగింది. అయిందన్నాడు.

పోనీ ఎందుకొచ్చావు అంది ఆమె. అప్పుడు రణధవళుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అక్కకు ముల్లు దిగిందని, అది తనకు తగలవలసిన ముల్లని, అమావాస్య ఎనిమిది రోజుల్లో వస్తోందని. బుక్కన్న ఒక్కొక్క ముక్కే అనువదించాడు.

“అయితే నువ్వు తమ్ముడివి. ఆ మాట ముందే చెప్పొచ్చుగా. తమ్ముడు ఏం చేస్తాడో చూపించు,” అంది కదురవ్వ.

రణధవళుడు ఈసారి ఆలోచించలేదు. చిన్నప్పుడు అడవిదారిలో అక్క ముందు నడిచేది. ముళ్ళున్న చోట వంగి, ముల్లు ఏరి పక్కన పారేసి, తర్వాతే అడుగు వేసేది. తను ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ వెనక నడిచేవాడు. అరికాలికి ఒక్క ముల్లు గుచ్చుకుని ఎరగడు. ఆయన లేచి చేపలమనిషి బుట్ట భుజాన ఎత్తుకున్నాడు. ఆమె ఇంటికి బయలుదేరితే ఇసుకలో ఆమె అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెనకాలే నడిచి, గుమ్మం ముందు బుట్ట దించి వచ్చాడు. దీవి వాళ్ళు తలలూపారు. ఆ భాషలో తమ్ముడికీ వెంట నడవడానికీ ఒకటే మాట అట. ఆ సంగతి బుక్కన్న తర్వాత చెప్పాడు.

నువ్వు చుట్టావు కనుక నువ్వే లేపుకో అని కదురవ్వ ఒక తుంగమోపు చూపించింది. కత్తి మొదట కదలలేదు. ఉదయమంతా తుంగ మీద రాస్తూనే ఉంటే మధ్యాహ్నానికి ఒక గీత పడింది, పొద్దు వాలేసరికి ఒక కాడ తెగింది. ఆ తర్వాత వెన్నలో దిగినట్టు దిగింది. చేపలమనిషి వచ్చి చూసి, తన కత్తి బతికినందుకు ముసిముసిగా నవ్వి, దాన్ని తీసుకుపొమ్మంది.

కానీ ఒక షరతు ఉంది. అది వాళ్ళు పెట్టిన షరతు కాదు, ఆ కత్తి స్వభావం. దీవిలో ఉన్నంతకాలం అది కాసేపు ఊరికే ఉన్నా ఫరవాలేదు, మళ్ళీ ఎవరో ఒకరు అందుకుంటారు. దీవి ఒడ్డు దాటాక అలా కాదు. ఒక్క ఊపిరి తీసేంతసేపు కోయడం ఆగినా కత్తి వేరు, కోత వేరు అయిపోతాయి. ఆ సందు కోసమే మీ మాంత్రికుడు నాలుక చాచుకుని ఉంటాడని కదురవ్వ హెచ్చరించింది. ఎక్కడా ఆపకుండా కోసుకుంటూనే అక్క దగ్గరికి వెళ్ళాలి.

పడవ కూడా ఇచ్చారు. పడవ ఎలాగూ తేలుతూనే ఉంటుంది కనుక దానితో ఆ బెంగ లేదు.

ఏడు రోజుల ప్రయాణంలో కత్తి ఒక్క క్షణం నిద్రపోలేదు. పగలు యువరాజు, రాత్రి బుక్కన్న. ఒకరి చేతి నుంచి ఒకరు అందుకునేటప్పుడు కూడా తుంగకాడ తెగుతూనే ఉండేది. దీవి వాళ్ళిచ్చిన పన్నెండు తుంగమోపులు నాలుగు రోజుల్లో అయిపోయాయి. తర్వాత చాప కోశారు. తర్వాత ఆహారంగా తెచ్చుకున్న ఎండుచేపలను తినడానికి వీల్లేనంత సన్నగా కోశారు. అయిదో రోజు తుఫాను వచ్చి, పడవ నిలువునా లేచినప్పుడు బుక్కన్న పళ్ళతో తాడు పట్టుకుని, ఆ తాడునే కొసనుంచి కోస్తూ కూర్చున్నాడు. ఆరో రోజు పక్షిరాక్షసి ఒకటి పడవ మీద వాలితే దాని గోళ్ళు నీటుగా కోసి పంపించారు. అది కూడా కొంత సంతోషించినట్టే కనిపించింది. ఏడో రోజుకు తెరచాప పోయింది, తలపాగాలు పోయాయి, పంచెలు మోకాళ్ళ పైకి వచ్చేశాయి.

యువరాజు చూపు ఒకటి రెండుసార్లు బుక్కన్న సిగ మీద పడింది. బుక్కన్న వెంటనే దాని మీద చెయ్యి వేసుకున్నాడు. ఆయన భార్య బతికున్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఆ జుట్టుకు ఆముదం పెట్టి, దువ్వి, తన చేత్తో ముడి వేసేది. ఆమె పోయి పదకొండేళ్ళు. అప్పటి నుంచి దానికి కత్తెర తగలనివ్వలేదు. రణధవళుడికి ఆ సంగతి తెలుసు. అందుకే అడగలేదు.

అమావాస్య నాటి మధ్యాహ్నం తామ్రగిరి తీరం వచ్చింది. పడవ ఇసుకకు తగిలి తేలడం ఆగింది. ఆగీ ఆగగానే అది పడవ కాకుండా పోయి, చెక్కలు పొడిపొడిగా రాలి, వచ్చిన అలతో వెళ్ళిపోయాయి. ఎదురుగా రెండు క్రోసుల ఉప్పుబయలు, గడ్డిపరక మొలవని నేల. దాని అవతల కోట. రణధవళుడి భుజాన ఉత్తరీయం ఒక్కటే మిగిలింది, అది కూడా సగమే. అంచు నుంచి సన్నని పీలికలు కోసుకుంటూ ఒడ్డెక్కాడు.

ఒడ్డున మహారాజు నిలబడి ఉన్నాడు. తండ్రి వెనక ఒక సేవకుడు తెల్లని గొడుగు పట్టుకుని ఉన్నాడు. రెండు వారాల్లోనే మహారాజు ముఖం వాడిపోయినట్టుంది.

“వచ్చావా నాయనా,” అన్నాడు. “నిన్న సాయంత్రమే మీ అక్క మనల్ని వదిలి వెళ్ళిపోయింది. ఇంకెందుకా కత్తి? చుట్టిపెట్టి, ఇలా దగ్గరికి రా.”

ఇన్ని రోజులుగా ఆగని రణధవళుడి చెయ్యి నెమ్మదించింది. ఎదురుగా తండ్రి, చేతిలో ఒర లేని కత్తి, భుజాన గుడ్డ. చిన్ననాటి మర్యాద వేళ్ళలోంచి తనంతట తానే కదిలి, ఉత్తరీయం కొసను కత్తి పిడి చుట్టూ ఒక చుట్టు చుట్టేసింది కూడా. ఏడుపు వస్తోంది. తల వంచాడు.

తల వంచాడు కాబట్టే నేల కనిపించింది. తెల్లని ఉప్పు మీద, తండ్రి పాదాల చుట్టూ, గుండ్రంగా, చల్లగా, గొడుగు నీడ పడి ఉంది.

చైత్రం నుంచి ఆ రాజ్యంలో ఏ గొడుగుకూ నీడ లేదు. నీడనిచ్చే పని రాగి కాగులో ఉంది. అది ఎవరి దగ్గరుందో వాడి గొడుగు కిందే నీడ ఉంటుంది.

రణధవళుడు పిడి మీది చుట్టును అక్కడికక్కడే కోసేశాడు. పెద్దల ముందు కత్తి చుట్టవలసిన ఆ గుడ్డనే, ఆ పెద్దమనిషి కళ్ళలోకి సూటిగా చూస్తూ, పీలికలుగా కోశాడు. తండ్రి ముఖం పెట్టుకుని ఉన్నవాడి మీద అంత తిరస్కారం చూపడం ఆయనకు కష్టంగానే ఉంది. అయినా చెయ్యి ఆగలేదు.

అవతలి మనిషి ముఖం మెల్లగా కరిగి, కపిలజిహ్వుడి ముఖం బయటపడింది. అతను కోపం తెచ్చుకోలేదు. నడుస్తున్న కోతను ముట్టుకోలేడు కనుక తొందరపడే పని కూడా లేదు. పచ్చని నాలుకతో పెదవులు తడుపుకుని, పక్కకు జరిగి, దారి ఇచ్చాడు.

“మీ అక్క బతికే ఉందిలే. కోట రెండు క్రోసులుంది యువరాజా. గుడ్డ ఎంతుంది?”

మూరెడుంది. రణధవళుడు చూసుకున్నాడు, బుక్కన్న కూడా చూశాడు. వెనక సముద్రం, ముందు ఉప్పు. గొడుగు నీడలో మాంత్రికుడు తీరిగ్గా వాళ్ళ వెంట నడవడానికి సిద్ధమై నిలబడ్డాడు.

బుక్కన్న సిగలోంచి దంతపు దువ్వెన తీసి బొడ్లో దోపుకున్నాడు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టి ముడి విప్పాడు. పదకొండేళ్ళుగా పగటివేళ ఎవరూ విప్పి ఉండగా చూడని ఆ జుట్టు నడుము కిందిదాకా జారింది. ఆయన దాన్ని వెనక్కి సర్దుకుని, యువరాజుకు వీపు చూపించి, కోటవైపు తిరిగి నిలబడ్డాడు.

రణధవళుడు చివరి పీలిక మీంచి కత్తిని ఆపకుండా ఆ నెరిసిన వెంట్రుకల కొస మీదికి జరిపాడు. ఆయనకు కళ్ళు మసకబారాయి, అయినా నాలుగేసి వెంట్రుకలే జాగ్రత్తగా పట్టుకుని కోశాడు. బుక్కన్న ముందు నడిచాడు. యువరాజు ఆయన అడుగులో అడుగు వేస్తూ వెనక నడిచాడు.

కొంతదూరం పోయాక బుక్కన్న తల తిప్పకుండానే అన్నాడు.

“పొట్టి పొట్టిగా కోయండి బాబూ. దారి పొడుగుంది.”